గూగుల్లో లేదంటే అసలు లేదని కాదు: మన ఊరి కాయితం నెట్‌లో వెతుక్కునే పద్ధతి

దేవరకొండ వైపు చిన్న నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్స్, పాస్‌ఫోటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఇంతే దుకాణం. రోజుకు ఒక్కరన్నా వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టి "గూగుల్ల లేదన్నా" అంటారు. పాత జీవో కావచ్చు, తాత పేరు మీది పట్టా వివరం కావచ్చు, మూడేళ్ల కింద వచ్చిన సెలక్షన్ లిస్టు కావచ్చు. ఫోన్ చూస్తే ఏముంటది, పైన నాలుగు ప్రకటనలు, కింద ఏఐ రాసిన ఒక పేరా, దాని కింద ఒకే వార్తను అటూఇటూ తిప్పి రాసిన పది సైట్లు, ఏ ఒక్కదాంట్లోనూ అసలు కాయితం ఉండదు.

చెప్పొచ్చేదేమంటే, గూగుల్ చూపించలేదంటే ఆ కాయితం లేదని అర్థం కాదు, గూగుల్ కంటికి అది ఆనలేదని మాత్రమే. ఎందుకు ఆనలేదో తెలిస్తే సగం పని అయినట్టే. కాబట్టి ఫోన్ పక్కన పెట్టి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కాయితం తయారు చేసింది ఎవరు? ఎక్కడ పెట్టి ఉంటారు? అప్పట్లో దాన్ని ఏ పేరుతో పిలిచి ఉంటారు? మూడో ప్రశ్న దగ్గరే మనోళ్లు ఎక్కువగా దెబ్బతింటారు, అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. పేర్ల చిట్టా రాసుకోండి

నిజంగా కాయితం మీదే రాయండి. మన దిక్కు ఊళ్ల పేర్లు, మండలాలు, జిల్లాలు మారినన్ని సార్లు ఇంకేవీ మారలేదు. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. నల్లగొండలో నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి పోయాయి. మహబూబ్‌నగర్‌లో నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పోయాయి, 2019లో నారాయణపేట కూడా పోయింది. కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్ దిక్కు కలిశాయి. అంటే మీరు 2012 నాటి గద్వాల కాయితం వెతుకుతుంటే, దానిలో జిల్లా పేరు మహబూబ్‌నగర్ అనే ఉంటది. "జోగులాంబ గద్వాల జిల్లా" అని కొట్టి అది దొరకాలంటే ఎట్ల దొరుకుతది?

ఇంకా వెనక్కి పోతే 1985కు ముందు మండలాలే లేవు, తాలూకాలే. 2014 జూన్ 2కు ముందు తెలంగాణ రాష్ట్రమూ లేదు, అప్పటి జీవోలన్నీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేరుతో ఉంటాయి, చాలా మటుకు ఆంధ్రప్రదేశ్ సైట్ల అడ్రస్‌ల మీదనే ఉండిపోయాయి. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది, కాబట్టి టీఎస్‌పీఎస్‌సీ నాటి నోటిఫికేషన్‌ని టీజీపీఎస్‌సీ అని కొట్టి వెతికితే కొత్తవే ముందుకొస్తాయి. ఎప్పటి కాయితమో అప్పటి పేరుతో అడగాలి.

తర్వాత స్పెల్లింగ్. తెలుగులోనే నల్గొండ అని ఒకరు, నల్లగొండ అని ఇంకొకరు రాస్తారు. మహబూబ్‌నగర్‌ని పాలమూరు అంటాం, కలిపి రాస్తాం, విడదీసి రాస్తాం. ఇంగ్లీషులో అయితే ఇంకా గందరగోళం, "హ" తర్వాత "ఏ" పెట్టేవాళ్లు ఉన్నారు, పెట్టనివాళ్లు ఉన్నారు, "బూ" దగ్గర ఒక "యూ" వేసేవాళ్లు, రెండు "ఓ"లు వేసేవాళ్లు ఉన్నారు. మిర్యాలగూడ, కల్వకుర్తి, వనపర్తి, అన్నింటిదీ ఇదే కథ. కనీసం మూడు స్పెల్లింగులు రాసుకుని ఒక్కొక్కటిగా కొట్టండి. తెలుగులో టైపు చేసేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. "మహబూబ్‌నగర్" అని రాసినప్పుడు "బ్" తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు పడుతుంది, కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వెయ్యవు. పెద్ద పీడీఎఫ్ తెరిచి అందులో వెతికినప్పుడు కళ్లెదుట పేరు ఉన్నా "దొరకలేదు" అని వస్తే ఇదే కారణం కావచ్చు, అప్పుడు ఉత్త "నగర్" అని గానీ "మహబూ" అని గానీ సగం పేరే కొట్టి చూడండి.

ఒకసారి కొల్లాపూర్ వైపు పెద్దమనిషి ఒకాయన మనవడిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగింది, ఊరి పేరు ఎక్కడన్నా అచ్చులో ఉంటే చూడాలని ఆశ. మనవడు పట్నంలో సాఫ్ట్‌వేర్ చదువుతున్నాడట, గూగుల్లో ఊరి పేరు కొడితే "మీ ఉద్దేశం ఇదా" అని వేరే ఊరి పేరు చూపిస్తోందని విసుక్కున్నాడు. మండలం పేరు తీసేసి, తాలూకా పేరు పెట్టి, జనాభా లెక్కల శాఖ సైట్లో పాత జిల్లా పుస్తకాల దగ్గరికి పోయాం. పాత మహబూబ్‌నగర్ జిల్లా పుస్తకంలో ఊళ్ల జాబితాలో ఉంది, ఇళ్ల లెక్కతో సహా. పెద్దాయన ఆ పేజీ నాలుగు ప్రింట్లు తీయించుకున్నాడు. మనవడు మాత్రం "ఇది ముందే గూగుల్ చూపించొచ్చు కదా" అనుకుంటూ పోయాడు, నిజమే, చూపించొచ్చు.

2. గూగుల్‌ని కొంచెం కట్టడి చేయండి

ఇది త్వరగా చెప్తాను, ఎందుకంటే చాలామందికి సగం తెలుసు. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ మాట ఉన్నట్టే వెతుకుతుంది. వద్దనుకున్న మాట ముందు మైనస్ పెడితే అది ఉన్న పేజీలు పోతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో "సైట్" అని కొట్టి, వెంటనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా తెలంగాణ ప్రభుత్వ అడ్రస్ వేస్తే ప్రభుత్వ సైట్లలోనే వెతుకుతుంది, ఒక్క ఈ పనితోనే చెత్త వార్తల సైట్లన్నీ ఎగిరిపోతాయి. "ఫైల్‌టైప్" అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, పీడీఎఫ్ అని వేస్తే పీడీఎఫ్‌లు మాత్రమే వస్తాయి. "బిఫోర్" కోలన్ 2016 అని పెడితే ఆ సంవత్సరానికి ముందువి, "ఆఫ్టర్" అయితే తర్వాతవి.

ఈ పీడీఎఫ్ కిటుకు ఎంత పనికొస్తదో చూడాలంటే ఇంగ్లీషులో నల్గొండ, ఫ్లోరైడ్ అని కొట్టండి, అంతా వార్తలే. అదే "నల్గొండ టెక్నిక్" అని కొటేషన్లలో పెట్టి పీడీఎఫ్‌లు మాత్రమే అడగండి. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే ఆ పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసి మన జిల్లా పేరు పెట్టింది, దాని మీద ఇథియోపియా, టాంజానియా వాళ్లు రాసిన కాయితాలు కూడా దొరుకుతాయి. మన నీళ్ల సంగతి ఆఫ్రికా వాళ్ల పీడీఎఫ్‌లలో చదువుకోవాల్సి రావడం ఏం చెప్పమంటారు.

ఫలితాల పేజీ పైన అడ్డంగా ఉండే వరసలో "వెబ్" అనేది ఉంటది, కొన్నిసార్లు "మరిన్ని" వెనక దాక్కుంటది. 2024లో పెట్టారు. అది నొక్కితే ఏఐ పేరా, వీడియోలు అన్నీ పోయి పాత కాలంలో లాగా లింకులే మిగులుతాయి. "టూల్స్"లోకి పోయి "వెర్బాటిమ్" ఎంచుకుంటే మనం కొట్టిన మాటలను అది సొంత తెలివితో మార్చడం మానేస్తుంది. ఊరి పేర్లకు ఇది తప్పనిసరి. గూగుల్‌లో లేకపోతే బింగ్‌లో చూడండి. బింగ్‌లో చూసి మళ్లీ డక్‌డక్‌గోలో చూడటం మాత్రం పెద్దగా లాభం లేని పని, దాని లింకులు ఎక్కువ మటుకు బింగ్ నుంచే వస్తాయి.

ఇంకోటి, పైన "లక్షల ఫలితాలు" అని అంకె కనబడితే మురిసిపోకండి. అది అంచనా లెక్క. పేజీలు తిప్పుకుంటూ పోతే కొన్ని వందల దగ్గరే ఆగిపోతుంది.

3. తెలుగు పీడీఎఫ్ అయితే కాపీ చేసి చూడండి

ఇది ఎవరూ చెప్పరు గానీ మనకు అసలు శత్రువు ఇదే. ఏదన్నా ప్రభుత్వ తెలుగు పీడీఎఫ్ తెరిచి, అందులో ఒక మాట మీద వేలు నొక్కి కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగే వస్తే మంచిది. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, ఏవో పిచ్చిగీతలు వస్తే అది అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లలో కొట్టిన కాయితం. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వాటిల్లోనే కొడతారు, మా పక్క షాపులో కూడా. ఆ ఫాంట్లలో బొమ్మ తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కోడు. మన కళ్లకు "లబ్ధిదారుల జాబితా" అని కనబడుతుంది, గూగుల్‌కు మాత్రం పిచ్చిరాతే. వంద సార్లు తెలుగులో వెతికినా అది రాదు.

అసలు మాటే ఎంపిక కాకపోతే అది స్కాన్ చేసిన ఫోటో. ఓటరు జాబితా పీడీఎఫ్‌లు, ఈ-పేపర్ పేజీలు, సంతకాలు పెట్టి స్కాన్ చేసిన ఆర్డర్లు ఇట్లాంటివే.

రెండింటికీ మందు ఒకటే. లోపలి తెలుగు మాటలతో కాకుండా, ఆ లింకు మీద క్లర్కు ఇంగ్లీషులో ఏం రాసి ఉంటాడో ఆ మాటలతో వెతకండి. జీవో నంబర్, నంబర్ పక్కన ఉండే గుర్తు ఎంఎస్ అనా ఆర్టీ అనా, తేదీ, శాఖ పేరు. అంకెలే మనకు దిక్కు. ఫైలు దొరికాక లోపల వెతకాలంటే గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటర్‌లో దాని మీద రైట్ క్లిక్ కొట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, ఫోటోలో ఉన్న తెలుగును చదివి అక్షరాలుగా మారుస్తుంది. అచ్చు బాగుంటే బాగానే వస్తుంది. చేతిరాత పహాణీలకు, అంటే ఏ భూమి ఎవరి పేరు మీదుందో రాసే పాత రెవెన్యూ లెక్కలకు, ఆశ పెట్టుకోకండి.

4. ఫారం నింపితే తప్ప తెరుచుకోని గదులు

గూగుల్ పేజీలు చూసి రమ్మని పంపే ప్రోగ్రాం, దాన్నే బాట్ అంటారు, లింకు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోతుంది, అంతే దాని పని. జిల్లా ఎంచుకో, మండలం ఎంచుకో, క్యాప్చా కొట్టు అంటే అక్కడే ఆగిపోతుంది. కిరాణా కొట్టు ముందర వేలాడే ప్యాకెట్లు చూసి సరుకంతా ఇంతే అనుకున్నట్టు. లోపల గోదాములో ఉన్నది అడిగితేనే తీసిస్తారు. చాలామంది దీన్ని డార్క్ వెబ్ అనుకుని భయపడతారు, అది వేరే సంగతి. ఇది ఉత్త డేటాబేస్, తప్పుడు పనేమీ కాదు.

కాబట్టి భూమి వివరాలు గూగుల్లో వెతకడం మానేయండి. 2020 అక్టోబర్ నుంచి భూమి లెక్కలకు ధరణి అనే ప్రభుత్వ సైటు ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో భూభారతి. గూగుల్లో, యూట్యూబ్‌లో ఇంకా ధరణి వీడియోలే పైన వస్తుంటాయి, వాటిని చూసి బొత్తాలు వెతుక్కోకండి. నేరుగా భూభారతి సైటుకు పోయి భూమి వివరాల దగ్గర జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబర్ ఇవ్వాలి.

ఇక్కడ మా దేవరకొండ దిక్కు రోజూ జరిగే లొల్లి ఒకటుంది. "మా తండా పేరే లిస్టులో లేదు" అంటారు. ఉండదు. 2018 చట్టంతో చాలా తండాలు గ్రామ పంచాయతీలు అయ్యాయి, సర్పంచ్ వేరే అయ్యాడు, కానీ భూమి లెక్క రెవెన్యూ గ్రామం పేరు మీదనే నడుస్తుంది. మీ తండా అంతకుముందు ఏ ఊరి శివారులో ఉండేదో ఆ ఊరు ఎంచుకోండి. ఊరు ఏ మండలంలోకి మారిందో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సైట్లో ఊరి పేరుతో వెతికితే చెప్తుంది.

కోర్టు కేసు అయితే ఈ-కోర్ట్స్ సైట్లో సీఎన్‌ఆర్ నంబర్‌తో చూడాలి, అది ఒక్కో కేసుకు ఒక్కటే ఉండే గుర్తింపు నంబర్, 16 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటది, వకీలును అడిగితే ఇస్తాడు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ కాయితం అయితే రిజిస్ట్రేషన్ శాఖ సైటు. జిల్లా సైట్లలో నోటిఫికేషన్ల గడువు అయిపోగానే పేజీలో నుంచి మాయమవుతాయి గానీ చాలాసార్లు తీసేయరు, "ఆర్కైవ్" అని కిందో పక్కనో చిన్నగా ఉంటుంది, అది నొక్కండి. మూడేళ్ల కిందటి సెలక్షన్ లిస్టు అడిగిన పిల్లకు అక్కడే దొరికింది, అప్పటికి ఆమె ఒక సైటుకు "పాత రిజల్ట్స్ ప్యాకేజీ" అని 200 రూపాయలు కట్టి ఉంది.

5. లింకు చచ్చిపోతే

లింకు నొక్కగానే 404, అంటే పేజీ లేదు అని వస్తే ఆ అడ్రస్ కాపీ చేసుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో అతికించండి. ఆ పేజీని ఎప్పుడెప్పుడు దాచారో క్యాలెండర్ చూపిస్తుంది, నీలం చుక్క ఉన్న తేదీ నొక్కాలి. గూగుల్ వాళ్లు అంతకుముందు తాము దాచిన పేజీ నకలు, అంటే క్యాష్ కాపీ, చూపించేవాళ్లు, 2024లో తీసేశారు, అందుకే ఇప్పుడు ముఖ్యంగా ఇదే ఆధారం. ఫారం నింపితే వచ్చే పేజీలు ఇందులో ఉండవు, మామూలు పేజీలు, కొన్ని పీడీఎఫ్‌లు ఉంటాయి.

పాత తెలుగు పుస్తకం కావాలన్నా అదే ఆర్కైవ్‌కు పోవాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పుస్తకాలు అక్కడ కుప్పలుగా ఉన్నాయి, కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వింతగా రాశారు. "శ్రీ"కి రెండు "ఐ"లు, దీర్ఘానికి రెండు "ఏ"లు, సున్నా దగ్గర ఒక కామా లాంటి గుర్తు. తెలుగులో పేరు కొడితే చాలా మటుకు రావు. రచయిత ఇంటిపేరు ఒక్కటే కొట్టి, భాష తెలుగు అని పెట్టి, జాబితా మొత్తం ఓపికగా చూడండి. మన పాత పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు, గూగుల్ లేని రోజుల్లో. మనం ఒక జాబితా నాలుగు పేజీలు తిప్పడానికి నీలుగుతాం.

6. ఫోన్ నంబర్ మాత్రం వెతకకండి

బ్యాంకు కస్టమర్ కేర్, గ్యాస్, కరెంటు ఆఫీసు, ఏదైనా సరే. గూగుల్లో పైన వచ్చే నంబర్లలో దొంగలవి కలిసి ఉంటాయి. పాస్‌బుక్ వెనక, బిల్లు మీద, కార్డు వెనక ఉన్న నంబర్‌కే చేయండి. ఎవరన్నా డబ్బు లాగేస్తే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

7. నెట్‌లో నిజంగానే లేకపోతే

కొన్ని నిజంగానే లేవు. ఊరి వార్తలు, లోకల్ గొడవలు, ఎవరి ఇంటి ముందు రోడ్డు ఎప్పుడు వేశారు అన్నవి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటాయి, వాటి లోపలికి ఏ సెర్చ్ ఇంజనూ పోలేదు. ఆ గ్రూపులో ఉన్న మనిషిని పట్టుకుని, ఫలానా నెలలో ఫలానా మాటతో వాట్సాప్‌లోనే పైన వెతకమనండి, అయిదు నిమిషాల పని.

ఖాస్రా పహాణీ 1954-55 నాటిది, చేసాల పహాణీ 1955-58 నాటిది, సేత్వార్ అనే పాత సర్వే రిజిస్టరు, ఇవి కావాలంటే తహసీల్ ఆఫీసు రికార్డు రూముకే పోవాలి. కొన్ని ఉర్దూలో ఉంటాయి, చదివి చెప్పే పాత మనిషిని ముందే చూసి పెట్టుకోండి. ఒక ఆఫీసులో నాకు "అన్నీ ఆన్‌లైన్ అయినయ్, నెట్‌లో చూస్కో" అన్నారు, నెట్‌లో చూస్తే "సంబంధిత ఆఫీసును సంప్రదించండి" అని ఉంది. ఇట్లా బంతాట ఆడితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. దరఖాస్తులో "మా భూమి వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే తప్పించుకుంటారు. రెవెన్యూ గ్రామం, సర్వే నంబర్, ఏ సంవత్సరం పహాణీ, ఏ జీవో నంబర్, అన్నీ విడివిడిగా రాయండి. ఇంతసేపు గూగుల్‌తో తిప్పలు పడి రాసుకున్న ఆ పేర్ల చిట్టా ఇక్కడ అక్కరకొస్తుంది.

ఏది దొరికినా దొరికిన రోజే డౌన్‌లోడ్ చేసి, ఫైలు పేరులో ఊరు, సర్వే నంబర్, తేదీ పెట్టి, మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెళ్లి ఫోటోల మధ్య పడేసి, ఆరు నెలలకు మళ్లీ నా దగ్గరికి వచ్చి "అప్పుడు చూసినం కదన్నా, అదే" అంటే, జిరాక్స్‌కి మూడు రూపాయలే గానీ వెతికినందుకు వేరే తీసుకుంటాను.